కూతురి వరస

మార్చి 4, సోమవారం

ఈ ఉదయం కన్నమ్మ పిన్ని ఐసు ముక్కని సగం చప్పరించి, మిగిలిన సగం మళ్ళీ కప్పులోకి ఉమ్మి, పైన సాసరు మూత పెట్టింది. తర్వాత నేను పనిచేసే లైబ్రరీ మెట్లు తుడవడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అది కరిగిపోయింది. ఆ నీళ్ళు తాగింది. రెండు గుటకలు కూడా లేవు. మూతి తుడుచుకుని, "సల్లగున్నాదమ్మీ" అంది, ఎవరో పిలిచి విందు పెట్టినట్టు.

రోజుకి ఆమెకి రెండు గ్లాసుల నీళ్ళు. అంతకు మించితే కాళ్ళు పొంగుతాయి. మంగళ, గురు, శనివారాల్లో మధ్యాహ్నం డయాలసిస్. ఆరేళ్ళుగా ఇంతే.

పదకొండింటికి ఆసుపత్రి నుంచి వాసుకి ఫోను చేసింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళ ఫైళ్ళు చూసే నర్సు ఆమె. డిసెంబరు నుంచి చేసిన నా పరీక్షలన్నీ బాగున్నాయట. ఒక్క కాగితమే తక్కువ. నేను కన్నమ్మకి అక్క కూతురినని ఫారంలో ఉంది. అది చూపించే జనన పత్రాలు కావాలి, మా అమ్మదీ పిన్నిదీ.

అలాంటివి లేవన్నాను.

పోయాయా అని అడిగింది.

ఎప్పుడూ లేవన్నాను.

బుధవారం ఇద్దరూ రండి అంది.

ఈ పుస్తకం తెలుగులోనే రాస్తాను. లైబ్రరీలో భుజం మీంచి తొంగిచూసేవాళ్ళకి ఈ అక్షరాలు రావు. ఇంట్లో ఇవి చదవడం వచ్చినది అమ్మ ఒక్కతికే. ఆమె ఇంకొకరి కాగితాలు ముట్టుకోదు.

మార్చి 5

నేను అబద్ధం రాయలేదు.

మార్చి 6, బుధవారం

రెండేళ్ళ కిందట కన్నమ్మ పిన్ని మా కాలేజీ లైబ్రరీలో తుడిచే పనికి చేరిన మొదటి రోజు. నేను ఫోనులో అమ్మతో మాట్లాడుతున్నాను. ఆమె మాప్ ఆపేసి నిలబడిపోయింది. ఫోను పెట్టేదాకా ఆగి, "ఓలమ్మీ, నువ్వు తెలుగా? ఏ ఎస్టేటు?" అంది.

మా అమ్మ పుట్టింటివాళ్ళు కూలికి వచ్చి స్థిరపడింది బాగన్ డాతో దగ్గర కొబ్బరి ఎస్టేట్‌లో. కన్నమ్మ వాళ్ళది దాని పక్కది. తాత పేరు అడిగింది. చెప్పాను. కళ్ళు మూసుకుని ఎవరెవరినో తలుచుకుంది. "మీ తాతని మా అయ్య అన్నా అనీవోడు. అయితే మీ యమ్మ నాకు అక్క. నువ్వు నాకు కూతురి వరస." మేం క్రైస్తవులమని చెప్పాను. "అయితే ఏటి? వరస మారతాదేటి?" అని మళ్ళీ నేల తుడవడం మొదలుపెట్టింది.

ఇక్కడ మలేషియాలో మా తెలుగువాళ్ళంతా ఇంతే. కొత్త మనిషి ఎదురైతే ముందు ఎస్టేటు అడుగుతారు, తర్వాత వరస కలుపుతారు. ఒకసారి కలిపాక మళ్ళీ ఎవరూ విడదీయరు. అందుకే ఫారంలో బంధుత్వం అన్న గడి దగ్గర ఆమె "అక్క కూతురు" అంది, నేను రాశాను. ఆ గడిలో ఇంకేదో రాయాలన్న ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు.

ఇవాళ ఇదంతా వాసుకికి తమిళంలో చెప్పాను. సగంలో మాట తడబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. కొత్త గదుల్లో నాకు అలాగే అవుతుంది. వాసుకి పిన్ని వైపు తిరిగి, ఇది రక్త సంబంధమేనా కాదా అని అడిగింది.

"నెత్తురు కాదమ్మా," అంది పిన్ని ఓపిగ్గా. "ఎస్టేటు."

వాసుకి నవ్వు ఆపుకోవడానికి ఫైలు వైపు చూసింది. మంచి మనిషే. కానీ ఎస్టేటు అని ఫైల్లో రాయలేనంది. బంధువులు కానివాళ్ళు ఇస్తామంటే వేరే కమిటీ చూస్తుంది. ఎందుకు ఇస్తున్నావంటారు. ఎవరైనా బలవంతం చేశారా, ఏమైనా ముట్టిందా అని అడుగుతారు. నా విషయంలో ముందు ఇంకొకటి అడుగుతారు, బంధువునని ఎందుకు రాశావని. మా ఇంట్లోంచి ఒకరు వచ్చి తమకు తెలుసునని చెప్పాలి. అప్పటిదాకా ఫైలు కదలదు.

ఎంతకాలం అని అడిగాను. చెప్పలేనంది. వాసుకి కళ్ళు పిన్ని ఎడమ చేతి మీదికి వెళ్ళాయి. సూది గుచ్చే నరం అక్కడ రెండుసార్లు మూసుకుపోయింది. ఇప్పుడు కుడి చేతికి గుచ్చుతున్నారు. ఆ తర్వాత ఇంకో చెయ్యి లేదు.

బయట బెంచీ మీద పిన్ని, "ఒద్దులే అమ్మీ. నీకు పేరు సెడిపోద్ది. నాను ఐసు సప్పరించుకుంటాను" అంది.

"నోరు మూసుకో పిన్నీ" అన్నాను.

ఇరవయ్యారేళ్ళలో ఎవరితోనూ ఆ మాట అనలేదు. ఆమె నిజంగానే నోరు మూసుకుంది.

మార్చి 9, శనివారం

ఇంట్లోంచి ఒకరు కమిటీకి రావాలని అమ్మకి చెప్పాను. బియ్యం కడుగుతోంది. డిసెంబరులో కిడ్నీ ఇస్తానని చెప్పినప్పుడు కూడా ఇలాగే నీళ్ళు పారబోస్తూ విని ఊరుకుంది. ఈసారి ఊరుకోలేదు.

"నువ్వు పెద్దదానివి. నువ్వేటి సేసినా సెయ్యి. నన్ను మాత్రం ఆ ఆసుపత్రి అయిదో అంతస్తుకి రమ్మనకు. మళ్ళీ రాను నేను."

నిలబడే ఉంది, ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని. కోపం వచ్చినప్పుడూ అలిసినప్పుడూ అలాగే నిలబడుతుంది. తర్వాత సీసాలో గీత దాకా నీళ్ళు నింపుకుని తాగి, గదిలోకి వెళ్ళి తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది. తలనొప్పి ఎంత వచ్చినా మాత్ర వేసుకోని మనిషి.

ఫ్రిజ్ మీద పోర్ట్ డిక్సన్ ఫొటో ఉంది. నాన్న పెద్ద కొబ్బరిబొండాం రెండు చేతులతో ఎత్తి తాగుతున్నాడు, గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కన అమ్మ కళ్ళు మూసుకుపోయేంతగా నవ్వుతోంది. ఆమె నవ్విన ఫొటో మా ఇంట్లో అదొక్కటే. నాన్న పోయి పన్నెండేళ్ళయినా ఎవరూ దాన్ని అక్కడినుంచి తియ్యలేదు.

లోకంలో ఎవరికి అర్థం కాకపోయినా ఆమెకి అర్థం కావాలి. అందుకే కోపం.

మార్చి 10, ఆదివారం

చర్చిలో ప్రకాశం పాస్టరు గారు నా కోసం ప్రార్థన చేశారు. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. మన సంఘంలో ఒక చెల్లెలు గొప్ప త్యాగానికి సిద్ధపడింది, ఆమె వచ్చి సాక్ష్యం చెప్తుంది అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను లేవలేదు. పాటల పుస్తకంలో చివరి పేజీ, ముద్రించినవాళ్ళ చిరునామాతో సహా, మొత్తం చదివాను. ఆయన ఇంకో రెండుసార్లు పిలిచి, దగ్గి, కానుకల పాట మొదలుపెట్టారు.

త్యాగం అన్న మాట నాకు కాన్వెంట్ నుంచీ పడదు. ఈస్టరుకి ముందు నలభై రోజులు మా క్లాసులో ఒక గాజు సీసా పెట్టేవాళ్ళు. ఎవరైనా తమకిష్టమైనది ఇంకొకరికి ఇస్తే అందులో ఒక చింతగింజ వెయ్యాలి. నేను కాయా అనే కొబ్బరి జాము పూసిన నా బన్నుని మోగన అనే అమ్మాయికి ఇచ్చాను. ఆమె ఎప్పుడూ డబ్బా తెచ్చుకునేది కాదు. బన్ను మధ్యలో వేలు పెట్టి కాయా ముందు నాకి, తర్వాత బన్ను తింది. చూస్తూ నవ్వాను. గింజ వెయ్యబోతే సిస్టర్ ఆపారు. నీకు కష్టం కలిగిందా అని అడిగారు. లేదు సిస్టర్, బాగుంది అన్నాను. అయితే అది లెక్కలోకి రాదు అన్నారు.

ఆ గింజ ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు మళ్ళీ బన్ను ఇచ్చాను. సీసా దగ్గరికి వెళ్ళడం మానేశాను.

మార్చి 18, సోమవారం

నిన్న తమ్ముడు నథానియేల్ కౌలాలంపూర్ నుంచి వచ్చాడు. అమ్మ రాకపోతే కమిటీకి తనే వస్తానన్నాడు. తెలుగు వింటాడు కానీ మాట్లాడడు. మేం తెలుగులో అంటాం, వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు, మధ్యలో ఇక్కడివాళ్ళ ఊతపదం "లా" తగిలిస్తాడు.

వాడికీ ఒకటే ప్రశ్న. ఎందుకు? చర్చి కోసమా? ఎవరినైనా ప్రేమించి వాళ్ళు కాదన్నారా? ఏదో తప్పు చేసి దిద్దుకుంటున్నావా? ఒక్కొక్కటీ అడిగి నా మొహం చూశాడు, డాక్టరు పొట్ట నొక్కి ఇక్కడా, ఇక్కడా అని అడిగినట్టు.

చివరికి ఉపాయం చెప్పాడు. ఆమె నిన్ను చిన్నప్పుడు పెంచిందని చెప్పు. అమ్మ ఫ్యాక్టరీకి వెళ్తే ఆమే అన్నం పెట్టిందని చెప్పు. రుణం తీర్చుకుంటున్నానంటే అందరికీ అర్థమవుతుంది, కమిటీకి కూడా.

పెంచలేదన్నాను.

వాళ్ళకేం తెలుసు లా, అన్నాడు.

నాకు తెలుసు. ఆమె నాకేమీ చెయ్యలేదు. రెండేళ్ళుగా నా బల్ల తుడుస్తోంది, నేను పుస్తకాలు సరిగ్గా సర్దలేదని తిడుతుంది, వరస కలుపుకుంది. అంతే. బాకీ ఉండి ఇస్తే అది తిరిగివ్వడం అవుతుంది. నేను తిరిగివ్వడం లేదు. ఇస్తున్నాను.

ఇది వాడితో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 27

పిన్ని కుడి చెయ్యి వాచింది. ఎడమ చేత్తో తుడుస్తోంది.

ఏప్రిల్ 10, బుధవారం

హరి రాయ, రంజాను పండగ. లైబ్రరీ సెలవు. పిన్ని ఫ్లాట్‌కి వెళ్ళాను. ఆమె కొడుకు జగదీష్ జొహోర్ నుంచి వచ్చి ఉన్నాడు. ముప్పయ్యేళ్ళకే చక్కెర వ్యాధి. తల్లికి కిడ్నీ ఇస్తానని మొదట వెళ్ళింది అతనే, డాక్టర్లే వద్దన్నారు. నాతో మాట్లాడేటప్పుడు నేల చూస్తాడు. అది నాకు నచ్చలేదు. నేనేదో పెద్దమనిషినైనట్టు ఉంటుంది. టీవీ రిమోట్ ఎక్కడుందని అడిగాను, వెతికి ఇచ్చాడు, తర్వాత కొంచెం మామూలుగా అయ్యాడు.

పక్కింటి మలయ్ ఆవిడ కొబ్బరాకు బుట్టలో ఉడికించిన కేతుపట్ అన్నం, కొబ్బరిపాలల్లో ఇగిరించిన కోడి రెండాంగ్ పంపింది. పిన్ని తినకూడదు. కొబ్బరి ఆమెకి విషం. కొబ్బరి తోటలో పుట్టిన మనిషికి. పళ్ళెం నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క ముద్దకీ ప్రశ్న వేసింది. కొబ్బరి బాగా ఏగిందేటి? గలంగల్ దుంప తగిలిందేటి? ముక్క ఎముకని ఒదిలేసిందేటి? నేను ఊఁ అంటే ఒప్పుకోలేదు. "సరిగ్గా సెప్పు. అంత సదివినావు, ఒక్క కూర గురించి సెప్పలేవేటి?"

చెప్పాను. వరసగా పది వాక్యాలు చెప్పి ఉంటాను. నాకవి చాలా ఎక్కువ. ఆమె కళ్ళు మూసుకుని విని, చివర్లో తనే తిన్నట్టు పెదాలు తుడుచుకుంది. తర్వాత మిగిలిందంతా డబ్బాలో పెట్టి నాకిచ్చింది. సంతోషం ఎవరిదో అప్పుడు ఎవరైనా చూసి చెప్పాలి. తిన్నది నేను. ఆమె మొహం నాకంటే నిండుగా ఉంది.

ఆమెకి తెలుసు అది. అందుకే నన్ను ఎందుకు అని ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు.

మే 14, మంగళవారం

కమిటీ. అయిదో అంతస్తు, ఎడమ పక్క చివరి గది. ముగ్గురు. మధ్యలో మెడలో గొలుసుకి కళ్ళద్దాలు వేలాడే పెద్ద డాక్టరమ్మ. తమ్ముడు నాకంటే ముందు వెళ్ళి పది నిమిషాల్లో వచ్చాడు, అంతా సరే అన్నట్టు బొటనవేలు చూపించి.

నేను తొమ్మిది వాక్యాలు కంఠస్థం చేసుకున్నాను. కుర్చీలో కూర్చోగానే తొమ్మిదీ పోయాయి.

బంధువునని ఎందుకు రాశావన్నారు. చెప్పాను. ఒకాయన నోట్ చేసుకున్నాడు. తర్వాత డాక్టరమ్మ అడిగింది. "దీనివల్ల మీకేం వస్తుంది?"

సంతోషం అన్నాను. మలయ్ భాషలో ఆ మాట పెద్దదే, నా నోట్లోంచి చిన్నగా వచ్చింది. ఆమె వినబడలేదని ముందుకి వంగింది. మళ్ళీ చెప్పాను. గది బయటికి వినబడిందని తమ్ముడు తర్వాత చెప్పాడు.

ఆ తర్వాత ఆగలేదు. డిసెంబరులో నాది ఆమెకి సరిపోతుందని ఫోను వచ్చిన రోజు సాయంత్రం దాకా పుస్తకాల మీద తప్పు తేదీ ముద్రలు వేశానని చెప్పాను. మర్నాడు అన్నీ వెతికి దిద్దాల్సి వచ్చింది. దిద్దుతున్నప్పుడూ సంతోషంగానే ఉంది. ఆ సంతోషం ఇప్పటికీ పోలేదు. నేను మంచిదాన్నని మీరనుకోనక్కర్లేదు. సగం నా కోసమే చేస్తున్నాను. అది తప్పయితే రాసుకోండి అన్నాను.

ముగ్గురూ రాసుకోలేదు.

చివరనున్న ఆయన, ఆ కిడ్నీ ఆమె ఒంట్లో పనిచెయ్యకపోతే అని అడిగాడు.

"బాధపడతాను. ఇచ్చినందుకు మాత్రం కాదు."

"అంత నమ్మకంగా ఎలా చెప్తున్నారు?"

"చూశాను."

ఎక్కడ అని ఆయన అడగలేదు. అప్పటికే డాక్టరమ్మ ఇంకో కాగితం తీసింది. "చిన్నప్పుడు ఆమె మిమ్మల్ని పెంచిందట కదా. మీ తమ్ముడు చెప్పారు. మీరు ఆ మాటే ఎత్తలేదే?"

తలుపు అవతల వాడున్నాడు. ఊఁ అంటే చాలు. ఆ ఒక్క ఊఁతో ఫైలు కదులుతుంది, పిన్ని చెయ్యి మిగులుతుంది. అన్నీ తెలుసు నాకు.

"లేదు. ఆమె నాకు పరిచయమై రెండేళ్ళు" అన్నాను.

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మీరు వెళ్ళవచ్చు అన్నారు.

మే 15

వాడితో మాట్లాడను.

మే 16

మాట్లాడాను. పది నిమిషాలు తిట్టాను. నీ మేలు కోరి చెప్పాను లా అన్నాడు, తర్వాత ఏడ్చాడు. వాడు ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు. వాడికి భయం, అంతే. నాకేదో అయిపోతుందని. మళ్ళీ అదే అంతస్తులో అన్నాడు.

అయినా నేను చెప్పింది తప్పు కాదు.

మే 20, సోమవారం

వాసుకి ఫోను. అక్కా తమ్ముళ్ళ మాటలు రెండు రకాలుగా ఉన్నాయి కనుక కమిటీకి నమ్మకం కుదరలేదు. మా అమ్మ వచ్చి మాట్లాడితే మళ్ళీ చూస్తారు. మే ముప్పై. రాకపోతే ఫైలు మూసేస్తారు.

పిన్నికి చెప్పాను. ఆమె బకెట్‌లో మాప్ ముంచి పిండి, మళ్ళీ ముంచి పిండింది. "అక్కని ఇబ్బంది పెట్టకు" అంది. అమ్మని ఆమె ఇంతవరకు చూడలేదు.

ఇంటికొచ్చి అమ్మకి తేదీ, సమయం చెప్పాను. బతిమాలలేదు. బతిమాలి తెచ్చుకున్నది నాకొద్దు.

మే 24

అమ్మ ఏమీ అనలేదు.

మే 27

అమ్మ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. నాకేం బాధ లేదు.

మే 28

బాధగా ఉంది.

మే 30, గురువారం

ఉదయం ఏడింటికి అమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో నీళ్ళ సీసా. "ట్రైను ఎల్లిపోద్ది" అంది.

లిఫ్ట్‌లో నేను చెయ్యి చాపేలోపే అయిదు నొక్కింది. దిగి, బోర్డులు చూడకుండా ఎడమకి తిరిగింది. పిన్ని బెంచీ మీద కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిన్ని లేచి, "అక్కా" అంది. అమ్మ ఆమె వాచిన చెయ్యి చూసింది. పట్టుకోలేదు. తన సీసా మూత తీసి, మూతలో ఒక్క గుక్క పోసి ఇచ్చింది. సరిగ్గా ఒక్క గుక్క. పిన్ని తాగింది.

అమ్మ లోపల ఇరవై నిమిషాలు ఉంది. బయటికొచ్చి, "టీ తాగుదాం పదండి" అంది. ఏం చెప్పావని అడిగాను. "టీ సల్లారిపోద్ది" అంది, ఇంకా టీ కొననేలేదు.

జూన్ 14, శుక్రవారం

ఒప్పుకున్నారు.

ఇవాళ ముద్రలన్నీ చూసుకుని వేశాను. అయినా రెండు పుస్తకాలు వచ్చే ఏడాదికి వెళ్ళిపోయాయి.

పిన్ని విని, బకెట్ పక్కన నేలమీద కూర్చుంది. తర్వాత, "ఆ మూల దుమ్ముంది, సూడలేదేటి నాను" అని లేచి వెళ్ళింది.

జూన్ 27

భయంగా ఉంది. సంతోషమూ ఉంది. ఒకటి వస్తే రెండోది పోతుందనుకున్నాను. పోలేదు.

జులై 22, సోమవారం

ఆపరేషన్ రేపే. అమ్మ నా సంచి సర్దింది. నైటీలు రెండు, నూనె సీసా, ఒక చిన్న దిండు. ఆసుపత్రిలో దిళ్ళుంటాయన్నాను. "ఉంచు" అంది.

మధ్యాహ్నం పాస్టరు గారు వచ్చి వెళ్ళారు. త్యాగం అనబోయి, నా మొహం చూసి, ఆరోగ్యం అన్నారు.

చదవడానికి మూడు పుస్తకాలు తెచ్చుకున్నాను. ఒక్కటీ తెరవలేదు.

జులై 24

బతికున్నాను. ఇద్దరం.

జులై 26, శుక్రవారం

రాయగలుగుతున్నాను, కొంచెం వంకరగా.

ఉదయం లేవబోతే పొట్టలో ఎవరో పట్టి లాగినట్టయింది. నర్సు ఇంకా రాలేదు. అమ్మ వచ్చి, "అలగ కాదు" అంది. ముందు పక్కకి తిరగమంది. ఆ చిన్న దిండు కుట్ల మీద పెట్టి నా రెండు చేతులూ దానిమీద అదిమింది. కాళ్ళు మంచం కిందికి వదలమంది. మోచేతి మీద బరువు పెట్టి, ఊపిరి వదులుతూ, ఇప్పుడు లే. లేచాను. దగ్గొచ్చినా నవ్వొచ్చినా దిండు ఒదలకు అంది.

దిండు అవసరం వెంటనే వచ్చింది. నన్ను చక్రాల కుర్చీలో పిన్ని గదికి తీసుకెళ్ళారు. లోపలికి రానిచ్చేది లేదు, అద్దం అవతలి నుంచే. మధ్యలో ఫోను. పిన్ని మొహం రంగు మారింది. బూడిదరంగు పోయింది. నన్ను చూడగానే ఫోను చెవికి తలకిందులుగా పెట్టుకుని అరిచింది.

"అమ్మీ! ఒంటేలుకి ఎల్లినాను! ఆరేళ్ళయింది అమ్మీ, సుక్క రాక. ఇప్పుడు ఆగట్నేదు. ఆ గొట్టం కింద సంచి సూడు, సూడవేటి, నిండిపోనాది! నర్సమ్మ పొద్దుట్నించి నాలుగుసార్లు మార్సింది, ఆవిడికి ఇసుగు!"

సంచి ఎత్తి చూపించమని నర్సుని బతిమాలింది. ఆ అమ్మాయి నవ్వుతూ ఎత్తి చూపించింది. నేను దిండు అదుముకుని నవ్వాను. నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఆపలేకపోయాను.

తర్వాత పిన్ని మంచం పక్కనున్న గ్లాసు తీసుకుంది. నిండు గ్లాసు. ఎంతైనా తాగమన్నారట, తాగకపోతే తిడుతున్నారట. నన్ను చూస్తూ మొత్తం తాగింది, ఆగకుండా, గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకోకుండా. నా వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డ అమ్మ చేతులు బిగుసుకున్నాయి. తిరిగి చూశాను. కళ్ళు మూసుకుపోయేంతగా నవ్వుతోంది.

గదికొచ్చాక అడిగాను. కమిటీతో ఏం చెప్పావు?

అమ్మ దిండు గలీబు సవరించింది. "మీ అమ్మాయికి ఏటొస్తాదని అడిగినారు. నాకు తెలుసునని సెప్పినాను. ఎన్నాళ్ళుంటాదో సెప్పలేను గానీ, ఒస్తాది అన్నాను. పమిట తీసి సూపించినాను."

మరి నన్నెందుకు వద్దన్నావన్నాను.

"అది పోయినప్పుడు ఎలగుంటాదో కూడా నాకు తెలుసు" అంది. దిండు నా పక్కన పెట్టి, "అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ ఇస్తును. ఇవ్వడానికి ఇంక నేదు గానీ" అని, ఆ మాటకి తనే నవ్వి, సీసాలో నీళ్ళు నింపుకోవడానికి వెళ్ళింది.

పిన్నికి ఇది పదేళ్ళుంటుందో, పది నెలలుంటుందో. ఎవరైనా వచ్చి అడగనీ. నా జవాబు మారదు.

ఈ పుస్తకం మొత్తం వెనక్కి తిప్పి చూశాను. ఒక్క విషయం ఎక్కడా రాయలేదు. నాకు తెలిసినదే కనుక రాయాలని తోచలేదు. అమ్మకి ఉన్నది ఒకటే కిడ్నీ. రెండోది నాన్నకి ఇచ్చింది. అది పద్నాలుగు నెలలు పనిచేసింది. పోర్ట్ డిక్సన్ ఫొటో అప్పటిది.